కాలువ మున్సిపాలిటీది, రోడ్డు ఆర్‌అండ్‌బీది

వాన వెలిసి రెండు గంటలైనా మెయిన్ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు అలాగే ఉంటే ఊళ్లో అందరి నోటా ఒకటే మాట: మున్సిపాలిటీ వాళ్లు ఏం చేస్తున్నట్టు? అడగడంలో తప్పు లేదు. కాకపోతే ఆ రోడ్డు చాలా ఊళ్లలో మున్సిపాలిటీది కాదు. ఆర్‌అండ్‌బీది, అంటే రోడ్లు భవనాల శాఖది, లేదంటే నేషనల్ హైవే వాళ్లది. రోడ్డు పక్క కాలువ మాత్రం మున్సిపాలిటీది. కాలువ మీద వేసిన ర్యాంపు షాపు ఓనరుది. ఆ కాలువ వెళ్లి కలిసే పెద్ద డ్రెయిను ఇరిగేషన్ వాళ్లది. మధ్యలో ఉన్న కరెంటు స్తంభం డిస్కమ్‌ది, దానికి బిగించిన వీధి లైటు మళ్లీ మున్సిపాలిటీది. నీళ్లు దిగాలంటే వీళ్లంతా కదలాలి. నిలబడాలంటే ఒక్కరు కదలకపోతే చాలు.

పట్టణ పాలన గురించి ఎవరు మాట్లాడినా డబ్బుల్లేవనో, సిబ్బంది లేరనో, లంచాలనో మొదలుపెడతారు. మూడూ నిజమే. కానీ రోజువారీ సమస్య ఎక్కడ ఆగిపోతోందో వెంటబడి చూస్తే, ఎక్కువసార్లు అది ఒక శాఖకూ ఇంకో శాఖకూ మధ్య సందులో ఇరుక్కుని కనిపిస్తుంది. ఆ సందులోకి చెయ్యి పెట్టే అధికారం ఊళ్లో ఎవరికీ లేదు. అధికారం లేకపోయినా ఆ పని నెట్టుకొచ్చే మనిషి మాత్రం వార్డుకొకరు ఉంటారు. ఆ మనిషి కౌన్సిలర్.

రాజ్యాంగం తిరగేస్తే మున్సిపాలిటీలకు పనుల కొదవేం లేదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలు రాసిపెట్టింది. రోడ్లు, వంతెనలు, మంచినీళ్లు, పారిశుద్ధ్యం, శ్మశానాలు, వీధి దీపాలు, పార్కులు, కబేళాలు, జనన మరణాల నమోదు అన్నీ ఉన్నాయి అందులో. మెలిక 243డబ్ల్యూ అధికరణంలో ఉంది. ఈ పనులూ అధికారాలూ శాసనసభ మున్సిపాలిటీలకు ఇవ్వవచ్చు అంటుందది. ఇచ్చి తీరాలని అనదు. ఆ ఒక్క మాట సందులోంచి చాలా జారిపోయాయి. అగ్నిమాపక సేవలు షెడ్యూల్‌లో ఉన్నాయి, ఫైర్ స్టేషన్ రాష్ట్ర శాఖ కింద నడుస్తుంది. పట్టణ ప్రణాళిక ఉంది, మాస్టర్ ప్లాన్ చాలాచోట్ల అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ గీస్తుంది. కమిషనర్‌ను వేసేదీ మార్చేదీ రాష్ట్ర ప్రభుత్వమే. భీమునిపట్నంలో మున్సిపాలిటీ ఏర్పడింది 1861లో. అంటే తెలుగువాళ్లకు ఈ వ్యవస్థతో నూట అరవై ఏళ్లు దాటిన పరిచయం. ఇన్నేళ్లయినా తన కమిషనర్‌ను తాను ఎంచుకునే వీలు ఏ కౌన్సిల్‌కూ లేదు.

కాలువ దగ్గరికే మళ్లీ వద్దాం. తెల్లవారుజామున మేస్త్రీ మస్టర్ తీసుకుని ముగ్గురు మనుషుల్ని బజారు కాలువకు పంపుతాడు. పార, తట్ట, గునపం. పైన పలకలున్న చోట గునపంతో లేపి పూడిక తీస్తారు. పలకలు లేకుండా ఏకంగా కాంక్రీటు పోసేసిన చోట తియ్యడానికి కుదరదు. ఆ పదడుగులు వదిలేసి అవతల మొదలుపెడతారు. నీళ్లు ఆగేది సరిగ్గా ఆ పదడుగుల్లోనే. మరి ఆ కాంక్రీటు పగలగొట్టొచ్చు కదా అంటే, పారిశుద్ధ్య విభాగానికి ఆ అధికారం లేదు. ఆక్రమణ కాబట్టి టౌన్ ప్లానింగ్ వాళ్లు నోటీసివ్వాలి. పగలగొట్టాక కాలువ గోడ దెబ్బతింటే ఇంజినీరింగ్ సెక్షన్ ఎస్టిమేట్ వేయాలి. మూడు సెక్షన్లూ ఒకే బిల్డింగులో, ఒకే మెట్ల వరస మీద ఉంటాయి. ఫైలు మాత్రం మేడ ఎక్కి దిగడానికి నెలలు పడుతుంది. ఈలోగా షాపు ఓనరు ఎవరికో ఒకరికి ఫోన్ చేయించి ఉంటాడు.

తీసిన పూడిక సంగతి ఇంకో కథ. తడి పూడికను వెంటనే ట్రాక్టర్‌లో వేస్తే దారి పొడవునా కారుతుంది. అందుకని కాలువ గట్టునే కుప్పగా పోసి ఒకటి రెండు రోజులు ఆరనిస్తారు. లెక్కప్రకారం మూడో రోజు ట్రాక్టర్ రావాలి. ట్రాక్టర్ రిపేరులో ఉన్నా, డీజిల్ బిల్లు పాసవకపోయినా, వేరే వార్డులో వీఐపీ పర్యటన ఉన్నా రాదు. నాలుగో రోజు వాన పడితే కుప్పంతా తిరిగి కాలువలోకే. రిజిస్టర్‌లో మాత్రం పూడిక తీసినట్టే ఉంటుంది. అబద్ధమేం కాదు, తీశారు కూడా.

మంచినీళ్ల దగ్గర ఈ సందులు ప్రాణాల మీదికి తెస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో వేసవి వస్తోందంటే మున్సిపల్ ఇంజినీర్లకు టెన్షన్ మొదలు. పంట కోతకు వచ్చాక, రిపేర్ల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేది ఖరీఫ్‌కే. ఆ మధ్య రోజులన్నీ ఊరికి దిక్కు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకే. కాలువ కట్టేసే లోపు దాన్ని నిండా నింపుకోవాలి. నీళ్లు వదిలేది ఇరిగేషన్ వాళ్లు, తోడుకునేది మున్సిపాలిటీ, దారిలో ముందుగా మోటార్లు వేసి లాగేసేది ఎగువనున్న పొలాలూ చేపల చెరువులూ. కాబట్టి ట్యాంక్ నిండిందా లేదా అన్నది పంపుల కెపాసిటీ మీద కన్నా, కలెక్టర్ దగ్గర జరిగే మీటింగ్‌లో ఎవరి మాట నెగ్గిందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది.

ట్యాంక్ నిండినా గండం గట్టెక్కినట్టు కాదు. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్రం పెట్టుకున్న కొలత. మన ఊళ్లలో లీటర్ల కన్నా ముందు అడగాల్సింది గంటలు. పొద్దున ఒక గంట, కుదిరితే సాయంత్రం ఇంకో గంట. ఫిట్టర్ వచ్చి వాల్వ్ తిప్పితే వీధిలోకి నీళ్లొస్తాయి. వచ్చీ రాగానే మొదటి పదిళ్లవాళ్లు కుళాయికి మోటారు తగిలిస్తారు. చివరింటికి వచ్చేసరికి సన్నటి ధార. అక్కడి నుంచి కౌన్సిలర్‌కు ఫోన్.

గంట తర్వాత వాల్వ్ కట్టేస్తారు. పైపులో నీటి ఒత్తిడి పడిపోతుంది. మోటార్లు ఇంకా లాగుతూనే ఉంటే లోపల ఖాళీ ఏర్పడి, పైపు బయట ఏముంటే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. పాత బస్తీల్లో పైపుకు బయట ఉండేది తరచుగా మురుగు కాలువే, ఎందుకంటే కనెక్షన్ ఇచ్చేటప్పుడు తవ్వే ఖర్చు కలిసొస్తుందని పైపును కాలువలోంచే లాగి ఉంటారు. తుప్పు పట్టి చిన్న చిల్లు పడితే మర్నాడు పొద్దున మొదట వచ్చే నీళ్లు మురుగు కలిసిన నీళ్లే. మొదటి బిందె పారబోసి రెండోది పట్టుకోవాలని ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పడం ఇందుకే. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయిందీ తాగునీటిలో మురుగు కలవడం వల్లే. అప్పుడూ చర్చంతా అధికారుల సస్పెన్షన్ల చుట్టూ తిరిగింది. కాలువలోంచి వెళ్లే పైపుల్ని బయటికి తీసి వేయడం పెద్ద ఖర్చున్న, పేరు రాని పని. దానికి శిలాఫలకం వేసి ఓపెనింగ్ చెయ్యడానికి ఏమీ కనిపించదు మరి.

ఇక డబ్బు. ఇంటి పన్ను ఎంతుండాలో కౌన్సిల్ తీర్మానం చేస్తుందని చాలామంది అనుకుంటారు. కాగితం మీద అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరులో చట్టం మార్చి, అద్దె విలువ మీద వేసే ఇంటి పన్నును ఆస్తి మూలధన విలువ మీదికి మార్చారు. 2021 ఏప్రిల్ నుంచి అమలు. నివాస భవనాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం, వాణిజ్య భవనాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య ఎంతో కౌన్సిల్ నిర్ణయించుకోవచ్చు. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతంగా ఉంటున్న వాళ్లకు ఏడాదికి ₹50. అంతకుముందు 2020 మే నెలలో, కోవిడ్ కష్టకాలంలో, రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే పట్టణాల్లో ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టాలని కేంద్రం షరతు పెట్టింది. అంటే మీ వీధిలో బిల్ కలెక్టర్ తెచ్చిచ్చిన డిమాండ్ నోటీసు వెనక ఢిల్లీలో పెట్టిన అప్పు షరతుంది. ఈ సంగతి వార్డుల్లో ఎవరూ విడమరచి చెప్పలేదు. తిట్లు మాత్రం కౌన్సిలర్లు తిన్నారు.

పెంపు ఒక్కసారిగా గుదిబండ కాకూడదని ఏడాదికి 15 శాతం మించకూడదన్నారు. వినడానికి ఊరటగానే ఉంటుంది. ఏడాదికి ₹2,000 కట్టే ఇంటికి గరిష్ఠంగా పెరిగితే మరుసటి ఏడాది ₹2,300, ఆపై ₹2,645, మూడో ఏట దాదాపు ₹3,042. జనం పట్టించుకోవాల్సిన లెక్క మొదటి ఏడాది పెంపు కన్నా మూడో ఏడాది మొత్తం. ఏప్రిల్‌లోనే ఏడాది పన్నంతా కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తారు. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ. తెలంగాణలోనూ ఏప్రిల్ రాయితీ ఉంది. రాయితీ తేదీ దాటిన మర్నాడు కౌంటర్ దగ్గర గొడవలు రెండు రాష్ట్రాల్లోనూ ఒకేలా ఉంటాయి.

చెత్త సేకరణ రుసుము కథ ఇంతకన్నా చిత్రం. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు ఇంటింటి చెత్తకు నెలవారీ చార్జీ మొదలైంది. కార్పొరేషన్లలో మామూలు ఇంటికి నెలకు ₹120 దాకా. దానికి అధికారిక పేరు యూజర్ చార్జీ. జనం పెట్టిన పేరు చెత్త పన్ను, ఆ పేరే నిలబడింది. ప్రభుత్వం మారాక 2024 అక్టోబరు 2న దాన్ని రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి మచిలీపట్నంలో ప్రకటించారు. చార్జీ పోయింది, చెత్త బండి నడపాల్సిన అవసరం పోలేదు. డ్రైవర్ జీతం, డీజిల్ ఖర్చు ఎక్కడో ఒకచోటి నుంచి రావాల్సిందే. అవి జనరల్ ఫండ్ మీద పడితే, అక్కడ తగ్గేది రోడ్ల గుంతలు పూడ్చే డబ్బు. ఆస్తి పన్నుతో పోలిస్తే చెత్త చార్జీ చిన్న మొత్తమే. అయినా దాని మీద కోపం ఎక్కువ రావడానికి కారణం, ప్రతి నెలా గుమ్మంలోకి వచ్చి అడగడం. ఏడాదికి రెండుసార్లు వచ్చే పెద్ద బిల్లును జనం భరించినంతగా నెలనెలా తలుపు తట్టే చిన్న బిల్లును భరించరు. పన్నుల విషయంలో ఇంత మామూలు సంగతి ఎవరికీ ముందు తట్టకపోవడమే ఆశ్చర్యం.

చెత్త విషయంలో దారి చూపినవి పెద్ద నగరాలేం కావు. రెండు వేల దశకం మొదట్లోనే సూర్యాపేట ఇంటికి రెండేసి డబ్బాలిచ్చి వీధి కుండీలు ఎత్తేసింది. తడి చెత్తతో ఎరువు, పొడి చెత్తతో అమ్మకం. బొబ్బిలి డంపింగ్ యార్డును వేరే ఊళ్లవాళ్లు శిక్షణకు వచ్చి చూసి వెళ్లే స్థితికి తెచ్చారు. ఇలాంటి విజయాల గురించి రాసేటప్పుడు ఎక్కువగా ఒక పట్టుదల గల కమిషనర్ పేరు వస్తుంది. అదే అసలు ఇబ్బంది కూడా. పట్టుదల బదిలీ మీద వెళ్లిపోతుంది.

వీధి కుక్కల మాట క్లుప్తంగా. 2023 నాటి ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవి కొసన గుర్తు పెట్టి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ తప్ప మిగతా వాటిని తిరిగి వదలాలంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల పట్టినవాటిని మాత్రం అక్కడ తిరిగి వదలొద్దని ఆదేశించింది. వాటిని ఉంచడానికి షెల్టర్ కావాలి, షెల్టర్‌కు స్థలం కావాలి, స్థలం రెవెన్యూ శాఖ చూపించాలి. మళ్లీ అదే సందు. పొద్దున్నే వ్యాను వచ్చి పట్టుకెళ్లిన కుక్క వారానికి అదే వీధిలో తిరుగుతుంటే, దాని చెవి చూపించి ఇదీ సంగతి అని చెప్పాల్సిన బాధ్యతా కౌన్సిలర్‌దే.

కౌన్సిల్ సమావేశం ఎలా నడుస్తుందో ఒకసారి చూస్తే చాలు, అధికారం ఎంతుందో తెలిసిపోతుంది. అజెండా నలభై అంశాలుంటే అందులో సగం ఇప్పటికే అయిపోయిన పనులే. ఛైర్మన్ ముందస్తు అనుమతితో చేసిన మోటారు రిపేరు, బ్లీచింగ్ కొనుగోలు, పండగ ఏర్పాట్లు. కౌన్సిల్ చెయ్యాల్సింది వాటికి ఆమోదం తెలపడం. చివర్లో టేబుల్ అజెండా అని ఇంకో నాలుగు కాగితాలు వస్తాయి, చదివే టైమ్ ఉండదు. ప్రతిపక్ష కౌన్సిలర్ ఒకరు రంగు మారిన నీళ్ల సీసా పట్టుకుని లేస్తారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) లేచి లీకేజీ గుర్తించామని, రెండు రోజుల్లో సరిచేస్తామని చెబుతారు. మర్నాడు పేపర్లో సీసాతో ఫొటో పడుతుంది. నిజం చెప్పాలంటే ఆ ఫొటోకు ఉన్న విలువ తీర్మానానికి లేదు. ఫొటో పడ్డ వీధికి ఫిట్టర్ ముందు వెళతాడు.

కౌన్సిలర్ చేసే అసలు పని సమావేశం బయట. ఫలానా డ్రెయిను ఇరిగేషన్‌లో ఏ సెక్షన్ కిందికి వస్తుందో, స్తంభం మార్చాలంటే ఏ లైన్‌మన్‌ను పట్టుకోవాలో, ఆర్‌అండ్‌బీ ఏఈ ఏ టైమ్‌లో ఫోన్ ఎత్తుతాడో ఈ మనిషికి తెలుసు. ఇదేదీ చట్టంలో లేదు. అలవాటు, మొహమాటం, రేపు మళ్లీ కనపడాలన్న భయం. రెండు రాష్ట్రాల్లోనూ సగం స్థానాలు మహిళలవి కాబట్టి, ఈ ఫోన్ కొన్ని వార్డుల్లో భర్త జేబులో మోగుతుందన్నదీ ఊరెరిగిన రహస్యమే. అయినా రెండోసారి గెలిచొచ్చిన మహిళా కౌన్సిలర్ల దగ్గర ఫోన్ వాళ్ల చేతిలోనే కనిపిస్తుంది. నీళ్ల కంప్లయింట్ చెప్పేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకు నేరుగా మాట్లాడటమే తేలిక.

ఈ మనిషి అవసరం లేకుండా చేద్దామన్న ప్రయత్నాలూ జరిగాయి. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వార్డు సచివాలయాలు ఆ దారిలో పెద్దవి. నాలుగు వేల జనాభాకొకటి చొప్పున, పారిశుద్ధ్యానికొకరు, సౌకర్యాలకొకరు, ప్లానింగ్‌కొకరు, రెవెన్యూకొకరుగా కార్యదర్శులను పెట్టారు. సర్టిఫికెట్ల కోసం తిరిగే బాధ వీటివల్ల బాగా తగ్గింది, కాదనలేం. కానీ కాలువ మీద కాంక్రీటు ఉన్నట్టు ఫొటో తీసి పైకి పంపడం వరకే సౌకర్యాల కార్యదర్శి చేయగలిగింది. అతని చేతి కింద నిధులు లేవు, మనుషులు లేరు. సందు అక్కడే ఉంది, దాన్ని ఫొటో తీసే మనిషి కొత్తగా వచ్చాడంతే.

తెలంగాణ 2019 చట్టం వేరే దారి పట్టింది. వార్డుకు నాలుగు కమిటీలు పెట్టాలంది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది, అంటే వార్డుకు అరవై మంది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని షరతు, లేకపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరు. చిన్న ఇంటి అనుమతుల్లో మాత్రం ఈ రాష్ట్రం నిజంగా సుఖం చూపించింది: 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకోవాలంటే రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరి. మొక్క చచ్చిపోతే కౌన్సిలర్‌ను అడగొచ్చు, బాగానే ఉంది. మొక్కకు నీళ్లు పోసే ట్యాంకర్ మీద అతని మాట చెల్లుతుందా అన్నది చట్టం చెప్పలేదు.

ఫిర్యాదు వ్యవస్థలకైతే లోటు లేదు. సోమవారం వచ్చిందంటే తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో మొన్నటిదాకా స్పందన, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అనే ఫిర్యాదుల పరిష్కార వేదిక. 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో మన మిత్ర. అర్జీకి నంబరు వస్తుంది, గడువు ఉంటుంది. గడువు దగ్గరపడేసరికి కింది ఉద్యోగికి సులువైన దారి ఒకటే కనిపిస్తుంది: "మా శాఖ పరిధిలోకి రాదు" అని రాసి క్లోజ్ చెయ్యడం. రోడ్డు ఆర్‌అండ్‌బీది కాబట్టి అది అబద్ధం కూడా కాదు. ఫోన్‌కు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి చదువుకోవాలి.

ఈ నేపథ్యంలో ఎన్నికలు వాయిదా పడితే ఏం పోతుందో ఆలోచించాలి. ఐదేళ్ల గడువు ముగిసే లోపే కొత్త కౌన్సిల్ రావాలని రాజ్యాంగం స్పష్టంగా చెప్పింది. 2005లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2010లో తీరితే, మళ్లీ ఓటు వేసింది 2014 మార్చి 30న. ఆ కౌన్సిళ్లు 2019లో దిగిపోయాక ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. అప్పుడు కూడా శ్రీకాకుళం, రాజమహేంద్రవరం లాంటి ఊళ్లు చుట్టుపక్కల గ్రామాల విలీనం, కోర్టు కేసుల వల్ల బయటే ఉండిపోయాయి. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైనవారి గడువు 2025 జనవరిలో ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. ప్రత్యేకాధికారి అంటే తరచూ కలెక్టరో, ఆర్డీవోనో, వేరే పెద్ద పనిలో మునిగి ఉన్న ఇంకో అధికారో. నిజానికి శాఖల మధ్య సందు పూడ్చే అధికారం ఎవరికైనా ఉంటే ఆ కలెక్టర్‌కే ఉంది. వార్డులో పదడుగుల కాంక్రీటు సంగతి మాత్రం అంత దూరం చేరదు.

అందుకే ఆ రోజుల్లోనూ జనం ఫోన్ చేసేది మాజీ కౌన్సిలర్‌కే. పదవి లేదని ఆయన చెబుతాడు, అయినా వింటాడు, విన్నాక మేస్త్రీకి ఫోన్ కలుపుతాడు. మేస్త్రీ పాత పరిచయం మొహమాటం కొద్దీ ఇద్దరిని పంపితే పంపినట్టు. పంపకపోతే ఇదేంటని అడిగే హక్కు ఆయనకూ లేదు, ఫోన్ చేసినవాళ్లకూ లేదు.